డెబ్బై రెండో గడి దగ్గర

సంక్రాంతికి కాకినాడ వెళ్తే మా అమ్మాయితోపాటు దాని లాప్‌టాప్ కూడా పండక్కి వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. తీరిక దొరికితే లైనక్స్ కెర్నెల్‌లో తలదూర్చడం దానికో సరదా. భోగి నాడు అందరం మంట దగ్గరుంటే అది ఏదో డ్రైవర్‌లో చిన్న తప్పు దిద్ది, దాన్ని ప్యాచ్‌గా కట్టి, కెర్నెల్ వాళ్ళ మెయిలింగ్ లిస్టుకి పంపింది. కనుమ నాడు జవాబొచ్చింది. దిద్దుబాటు మంచిదో కాదో తర్వాత చూద్దాం, ముందు నీ మెయిల్ ప్రోగ్రాము లైన్లు విరిచేసింది, ప్యాచ్ ఎక్కడం లేదు, మళ్ళీ పంపు అని.

అప్పుడు వరండాలో మా బాబాయి పేపరు చదువుకుంటున్నారు. కంప్యూటర్లతో ఆయన చుట్టరికం పంచ్ కార్డుల నాటిది. తర్వాత చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చారు. 72 అక్షరాల లోపు ఎంటర్ కొట్టని ఉత్తరాన్ని ఆయన ఇవాళ్టికీ ఉత్తరంగా ఒప్పుకోరు. ఆయన వయసు కూడా ఇప్పుడు సరిగ్గా అంతే. దానికీ దీనికీ సంబంధం లేదు గానీ మా అమ్మాయి అస్తమానం అంటుంది కాబట్టి చెబుతున్నాను.

నేను పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన వెడల్పు కాలమ్ వెడల్పు ఒక్కటే. ఆ పూట వాళ్ళిద్దరి మధ్య జరిగింది గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. సగం ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేశాను, కొన్ని విసుర్లు తీసేశాను.

బాబాయి: ఏదీ, చూపించు. ఎక్కడ విరిగిందట?

అమ్మాయి: ఇదిగో తాతయ్యా, ఈ లైను. మొదట్లో ప్లస్ గుర్తుంది చూశావా? కొత్తగా చేర్చిన లైనని అర్థం. 84 గడులుంది, అక్షరానికో గడి. నేను వాడిన మెయిల్ దాన్ని 78 లోపు తుంచేసి మిగతా ముక్కని కింద పడేసింది. ఆ ముక్కకి ముందు ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు, కనీసం ఖాళీ కూడా లేదు. ప్యాచ్‌లు ఎక్కించే గిట్ ప్రోగ్రాము దాన్ని చూసి, ఇదెవరి తాలూకో నాకు తెలీదు పొమ్మంది. ‘కరప్ట్ ప్యాచ్ ఎట్ లైన్ 23’.

బాబాయి: ఒక్క లైను విరిగితే మొత్తం పనికిరాదా?

అమ్మాయి: రాదు. పైన రెండేసి ‘ఎట్’ గుర్తుల మధ్య అంకెలున్నాయి చూడు. పాత ఫైల్లోవి 7 లైన్లు, కొత్త దాన్లో 8 అని ముందే లెక్క చెప్పి పెడుతుంది. కూరగాయల సంచీలో ఒకటి తగ్గితే సర్దుకోవచ్చు గానీ ఇక్కడ లైను పెరిగినా తరిగినా బేరం చెడినట్టే.

బాబాయి: అయినా 84 గడుల దాకా ఎందుకు పోనిచ్చావు? 80 దాటకూడదని కెర్నెల్ వాళ్ళకే పట్టింపు కదా.

అమ్మాయి: అది పాతమాట. 2020 మే నెలలో లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్సే 80 గడుల పట్టుదల ఇక చాలన్నాడు. తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు అప్పట్నుంచీ 100 దాటితేనే అరుస్తుంది. నా లైను సక్రమంగానే ఉంది. దాన్ని విరిచింది నీ కాలం నాటి చాదస్తం. ఉత్తరమంటే 78 గడులే అని ఎవరో ఎప్పుడో అనుకున్నారు, అది మెయిల్ ప్రోగ్రాముల్లో దూరి కూర్చుంది.

బాబాయి: ఆగాగు. నా చాదస్తం మనిషి విరవాలంటుంది. నీ ప్యాచ్‌ని విరిచింది మెషీను. నేను ఎంటర్ ఎక్కడ కొట్టాలో చూసుకుని కొడతాను. అది కళ్ళు మూసుకుని కొట్టింది.

ఈ ముక్క విన్నాక నేను నా చేతిలోని పేపరు పక్కన పెట్టాను. అప్పటిదాకా ఆయన విరవమనే పక్షం, ఇది విరవొద్దనే పక్షం అనుకున్నాను. గొడవ అంత సూటిగా లేదు.

అమ్మాయి: సరే, అసలు ఈ 72 ఎక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా?

బాబాయి: 80 సంగతి ముందు విను. 1928లో ఐబీఎం వాళ్ళు నలుచదరపు రంధ్రాల కార్డు తెచ్చారు. అడ్డంగా 80 గడులు. కార్డులు పోయి టెర్మినళ్ళొచ్చినా ఆ 80 పోలేదు. 1978లో వచ్చిన వీటీ 100 తెర కూడా 80 గడులు, 24 వరుసలు. మా ఆఫీసులో అలాంటి వాటి ముందే ఏళ్ళ తరబడి కూర్చున్నాను. ఆకుపచ్చ అక్షరాలు. రాత్రి కళ్ళు మూసుకున్నా అవే కనపడేవి.

అమ్మాయి: మరి 72?

బాబాయి: నాకది ముందు పరిచయమైంది ఫోర్‌ట్రాన్‌లో. కార్డుకి 80 గడులున్నా ప్రోగ్రాము 72 వరకే రాయాలి. ఎందుకంటే ఐబీఎం 704కి కార్డు చదివిపెట్టే యంత్రం ఒక్కో వరుసలో 36 బిట్ల ముక్కలు రెండు తీసుకునేది. రెండు ముప్ఫయ్యారులు డెబ్బై రెండు. మిగిలిన 8 గడుల్లో వరుస సంఖ్యలు గుద్దుకునేవాళ్ళం. కాలేజీలో ఒకసారి మెట్ల మీద కార్డుల కట్ట జారిపోయింది. మూడొందల చిల్లర కార్డులు. ఆ చివరి 8 గడులే లేకపోతే నా ప్రాజెక్టు ఆ మెట్ల మీదే సమాప్తం.

అమ్మాయి: అంటే మెయిల్లో 72 దాన్నుంచే వచ్చిందా?

బాబాయి: రెండిటికీ చుట్టరికం ఉందని నేను చెప్పను. ఉత్తరాల్లో దాని లెక్క వేరు. ఎదుటివాడు జవాబు రాసేటప్పుడు నీ మాటల్ని కిందికి తెచ్చి ప్రతి లైను ముందూ బాణం గుర్తు, ఒక ఖాళీ పెడతాడు. రెండు గడులు పోయాయి. దానికి ఇంకొకడు జవాబు రాస్తే ఇంకో రెండు. 72కి నాలుగు రెళ్ళు ఎనిమిది కలుపు. 80. నీ మాట నాలుగు చేతులు మారినా తెర అంచు దాటదు. నీ తర్వాత వచ్చే నలుగురికి చోటు వదలడమన్నమాట. బంతిలో పక్కవాడికి విస్తరి వేసే జాగా ఉంచి కూర్చోమూ?

అమ్మాయి: బాగుంది. ఇప్పుడు నీ ఫోను ఇలా ఇవ్వు. మీ పాత గ్రూపువాళ్ళ మెయిల్ ఒకటి తెరుస్తాను. ఇది చూడు.

నేనూ తొంగి చూశాను. 72 గడుల లైన్లు ఆ చిన్న తెర మీద పట్టక ఒక్కోటీ రెండుగా చీలింది. నిండు లైను ఒకటి, దాని కింద రెండు మాటల ముక్క. మళ్ళీ నిండు లైను, మళ్ళీ ముక్క. పేరా అంతా ఎలుకలు కొరికిన పంచె అంచులా ఉంది.

అమ్మాయి: నీ నలుగురికి చోటు వదిలావు సరే, నాకు వదిలావా? నా తెర ఎంత వెడల్పో రాసేటప్పుడు నీకెలా తెలుస్తుంది? నేను ఫోన్లో చూస్తాను, టీవీకి తగిలించుకుని చూస్తాను, అమ్మమ్మ అయితే అక్షరాలు వేలెడంత చేసుకుని చదువుతుంది. వెడల్పు చదివేవాళ్ళది. రాసేవాళ్ళు పేరా చివర ఎంటర్ కొట్టి ఊరుకోవాలి.

బాబాయి: ఊరుకుంటే ఏమవుతుందో చూశాను. 90ల్లో కొందరు అలాగే పంపేవారు. పేరా మొత్తం ఒకే లైను. నా తెర మీద అది 80వ గడి దాటి కుడి పక్కకి వెళ్ళిపోయేది, లేకపోతే మాట నడుం దగ్గర విరిగేది. అందుకే 1995 అక్టోబరులో నెట్ మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం వచ్చినప్పుడు లైను 65 అక్షరాల లోపే ఉంచి ఎంటర్ కొట్టమన్నారు. 65! నేను 72 అంటే నీకు చాదస్తంలా ఉంది.

అమ్మాయి: మర్యాద వేరు, చట్టం వేరు. ఈమెయిల్ రూపం నిర్ణయించే ఆర్‌ఎఫ్‌సీ 5322 చూడు. లైను 998 అక్షరాలు దాటకూడదు, అది తప్పనిసరి. 78 లోపు ఉంటే మంచిది, అది సలహా.

బాబాయి: తప్పనిసరి 998, మర్యాద 78. మర్యాద తప్పినవాణ్ణి పోలీసులు పట్టుకోరు. ఇంట్లోకి పిలవరు, అంతే.

ఇక్కడ నేనొక మాట కలిపాను. మా డెస్కులో పేజీకి 8 కాలమ్‌లు. కాలమ్‌లో పట్టని మాటని ఎక్కడ విరవాలనే దానికి మాకు గట్టి నియమం ఉండేది కాదు. అక్షరం చీలకపోతే చాలు. ఒకరోజు ఒక మంత్రిగారి వార్తలో ‘రాజీ’ ఒక లైను చివర, ‘నామా’ కింద లైను మొదట పడ్డాయి. పొద్దున్నే మా ఊరి హోటల్లో ఒకాయన పై లైను దాకా చదివి, అయితే సర్దుకున్నారన్నమాట అన్నాడు. కాలమ్ వెడల్పు మారిస్తే అది పోయేదే. ఆ విరుపు ఎవరూ కావాలని చేసింది కాదు. అంచు వచ్చింది, మాట విరిగింది. ఇద్దరూ విన్నారు గానీ నా మాట ఎవరి పక్షానికి పనికొస్తుందో తేలక వదిలేశారు.

బాబాయి: అంచు వచ్చినందుకు విరిగేది ఒకటి. కావాలని విరిచేది ఒకటి. నువ్వు రెండోదాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. పద్యం ఉందనుకో.

అమ్మాయి: వచ్చిందమ్మా పద్యం.

బాబాయి: రాదూ మరి! అప్పట్లో మా కబుర్లన్నీ పద్యాల చుట్టూనే. యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ళ గ్రూపు ఉండేది, తర్వాత ‘తెలుసా’, ‘రచ్చబండ’ అనే గ్రూపులు. తెలుగు లిపి ఎక్కడిది? రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవాళ్ళం. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఆర్‌టీఎస్‌లో ఒక్కోదానికి రెండున్నర, మూడు అక్షరాలు వేసుకో. 60 లోపు తేలుతుంది. 72 గడుల్లో కాళ్ళు చాపుకుని పడుకుంటుంది.

అమ్మాయి: సీసం?

బాబాయి: అడుగుతావని తెలుసు. సీసం పట్టదు. కానీ సీసపాదాన్ని అచ్చులోనూ రెండుగా విరిచే వేస్తారు. పైన నాలుగు ఇంద్రగణాలు, కింద రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. విరుపు ఎక్కడుండాలో ఛందస్సే చెబుతుంది. అసలు మన పద్యంలో పాదం అయిపోయినా మాట అయిపోనక్కర్లేదు, సగం మాట పైపాదంలో, సగం కిందిపాదంలో ఉంటుంది. అయినా లైను అక్కడే విరగాలి. లేకపోతే ప్రాస కనపడదు, యతి వెతుక్కోవాలి.

అమ్మాయి: నీ పద్యాన్ని ఎవరేం చేశారు?

బాబాయి: ఒకసారి ఓ మత్తేభం రాసి పంపాను. నాలుగు రోజులు కూర్చుని రాశాను. ఒకాయన మెచ్చుకుంటూ జవాబు రాశాడు. ఆయన ఆఫీసులో ఏదో మెయిల్ ప్రోగ్రాము. అదనపు ఎంటర్లు ఉన్నాయనుకుని లైన్లన్నిటినీ కలిపేసింది. నాలుగు పాదాలూ ఒకటే పేరా. మధ్యలో బాణం గుర్తులు. పైన ఆయన మెచ్చుకోలు, ‘ధార అద్భుతం’ అని. ధారే మరి, ఎక్కడా ఆగలేదు.

నవ్వాం. మా పిన్ని లోపల్నుంచి, ఆ మత్తేభం ఆ రోజు ఇంట్లో ఎవరినీ అన్నం తిననివ్వలేదని గుర్తుచేసింది.

అమ్మాయి: తాతయ్యా, నీ పద్యానికి జరిగిందీ నా ప్యాచ్‌కి జరిగిందీ ఒకటే. దేని ఎంటర్ దానికి ముఖ్యం. నీదాన్ని కలిపేశారు, నాదాన్ని విరిచేశారు. అందుకే నేననేది, వచనం విరవొద్దు. వచనంలో నువ్వు కొట్టే ఎంటర్‌కి అర్థం లేదు. అర్థం లేని ఎంటర్లు వెయ్యి కొడితే అర్థమున్నవి కూడా వాటిలో కలిసిపోతాయి. మెషీనుకి నీ పద్యం పాదమేదో నీ ఉపన్యాసం లైనేదో ఎలా తెలుస్తుంది? రెండూ 60, 70 గడుల దగ్గరే విరిగాయి కదా.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. నాకైతే ఆ పూట జరిగిన మాటల్లో ఇదే అసలు మాట అనిపించింది. టైపు మిషను రోజుల్లో అంచు దగ్గరకొస్తే గంట మోగేది, క్యారేజీ తోసేవాళ్ళం. పేరా అయిపోయినా ఆ తోపే. చోటు చాలక కొట్టేదానికీ మాట పూర్తయి కొట్టేదానికీ ఒకే మీట. కాగితం మీద దాంతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే కాగితం వెడల్పు మారదు.

బాబాయి: తేడా చెప్పే గుర్తు ఒకటుంటే బాగుండేదంటావు.

అమ్మాయి: ఉంది. 1999లో రాండల్ గెలెన్స్ అనే ఆయన ఆర్‌ఎఫ్‌సీ 2646 రాశాడు. 2004లో 3676గా మళ్ళీ దిద్దారు. ఫార్మాట్ ఫ్లోడ్ అంటారు. ఎలుకలు కొరికిన ఆ పేరాలకి అందులో ఒక పేరు కూడా పెట్టారు, సిగ్గుపడాల్సిన విరుపు అని అర్థం వచ్చేట్టు. చిట్కా చాలా చిన్నది. లైను చివర ఒక ఖాళీ వదిలి ఎంటర్ కొడితే, వాక్యం ఇంకా ఉంది, నీ తెరకి తగ్గట్టు కలుపుకో అని. ఖాళీ లేకుండా కొడితే, ఇక్కడ కావాలనే ఆపాను, ముట్టుకోకు అని. ఆ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాములో తెరిచినా మామూలు 78 గడుల ఉత్తరంలాగే కనిపిస్తుంది. నీ మత్తేభం పాదాల చివర ఖాళీ లేకపోతే చాలు, తెలిసిన ప్రోగ్రామేదీ దాన్ని కలపదు.

బాబాయి: కంటికి కనపడని ఖాళీని నమ్మి కాపురం చెయ్యమంటావా? ఎవడో ఎడిటర్లో చివరి ఖాళీలు తుడిచేసే అలవాటున్నవాడు ఉంటాడు. గుర్తంటే కనపడాలి.

అమ్మాయి: నీ ఉత్తరాల్లో సంతకం ముందు ఏం పెడతావు?

బాబాయి: రెండు గీతలు.

అమ్మాయి: రెండు గీతలేనా?

బాబాయి: రెండు గీతలు... ఒక ఖాళీ.

అమ్మాయి: ఆ ఖాళీ ఉంటేనే కదా కింద ఉన్నది సంతకమని ప్రోగ్రాములకి తెలిసేది, జవాబులో దాన్ని వదిలేసేది! ముప్ఫై ఏళ్ళుగా కనపడని ఖాళీతోనే కాపురం చేస్తున్నావు తాతయ్యా.

ఈ దెబ్బకి బాబాయి కుర్చీలో వెనక్కి వాలి, కాఫీ అడిగారు. ఆయన కాఫీ అడిగారంటే ఒప్పుకున్నారని కాదు, ఇంకా ఉందని. లైను చివర ఖాళీలాగా.

బాబాయి: సరే, అంత మంచి మందుంటే నీ ప్యాచ్‌ని అలాగే పంపకపోయావా?

అమ్మాయి: ప్యాచ్‌కి అది పనికిరాదు. కెర్నెల్ వాళ్ళ సూచనల్లోనే ఉంది, ఫార్మాట్ ఫ్లోడ్‌తో పంపొద్దని. ఆ పద్ధతిలో ఖాళీతో మొదలయ్యే లైనుకి ముందు ఇంకో ఖాళీ చేరుస్తారు. ప్యాచ్‌లో మారని లైన్లన్నీ ఖాళీతోనే మొదలవుతాయి. ఇంక చూసుకో.

బాబాయి: అంటే మందు ఉత్తరాలకే, పథ్యం ప్యాచ్‌లకి. పోనీ ఉత్తరాలకైనా అందరూ వాడుతున్నారా?

అమ్మాయి: థండర్‌బర్డ్ వాడుతుంది. మట్‌లో పెట్టుకోవచ్చు. చాలావాటిలో లేదు.

బాబాయి: పాతికేళ్ళు దాటినా!

అమ్మాయి: జనం హెచ్‌టీఎమ్‌ఎల్‌కి వెళ్ళిపోయారు, అందులో పేరా అంటే పేరానే. ఈ గొడవ మిగిలింది మీ పాతకాపులకీ మా కెర్నెల్ వాళ్ళకీ.

కాఫీ వచ్చింది. కాఫీతోపాటు బాబాయికి తాళపత్రాలు గుర్తొచ్చాయి. వాళ్ళ తాతగారి పెట్టెలో రెండు కట్టలుండేవి, చిన్నప్పుడు నేనూ చూశాను. మాటల మధ్య ఖాళీలుండవు. ఆకు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి, తాడు దూర్చే కన్నం దగ్గర మాత్రం కాస్త తప్పుకుంటాయి.

అమ్మాయి: అదే నేననేది! రాసేవాడు లైను ఎక్కడ ఆపేవాడు? ఆకు అయిపోయిన చోట. ఆ ఆకులు పాడైతే ఇంకొకడు కొత్త ఆకుల మీద ఎత్తి రాస్తాడు. వాడు పాత ఆకులో లైను ఎక్కడ విరిగిందో అక్కడే విరుస్తాడా? వాడి ఆకు ఎంత పొడుగైతే అంత రాస్తాడు. మన వాళ్ళకి ఎప్పుడో తెలుసు, వెడల్పు ఎత్తి రాసేవాడిదని.

బాబాయి: పద్యం ముగిసిన చోట నిలువు గీతలు పెడతాడు. వాటిని మాత్రం ఎత్తి రాసేవాడు వదలడు. నా లైను విరుపులు ఆ గీతలనుకో.

అమ్మాయి: పద్యానికి అనుకుంటాను. మీ గ్రూపులో తానా సభల భోజనాల మీద నువ్వు రాసిన ఉత్తరానికి అనుకోను.

ఇక్కడితో ఆగేదే. కానీ అమ్మాయికి ఇంకో సరదా పుట్టింది. తను పంపిన ఒక తెలుగు మెయిల్ అసలు రూపం ఎలా ఉంటుందో తెరిచి చూపించింది. నేను ఇన్నేళ్ళు తెలుగు రాసి, దాని అడుగుభాగం అలా ఉంటుందని అనుకోలేదు. ఎక్కడా తెలుగన్నది లేదు. సమాన గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చీమల బారులా ఉన్నాయి.

అమ్మాయి: ‘అమ్మ’ అని రాశాననుకో. కంప్యూటర్‌కి అవి నాలుగు గుర్తులు. అ, మ, పొల్లు, మళ్ళీ మ. ఒక్కోటీ 3 బైట్లు. మొత్తం 12. కోటెడ్ ప్రింటబుల్ అనే పద్ధతిలో ఒక్కో బైటుకీ మూడేసి అక్షరాలు, ముందు సమాన గుర్తు, తర్వాత రెండంకెల సంఖ్య. ‘అమ్మ’ 36 గడులు తినేస్తుంది. అందులో లైనుకి 76 గడులే. చివరి గడిలో ‘ఇంకా ఉంది’ అనడానికి ఒక సమాన గుర్తు పోగా 75 మిగులుతాయి, అంటే 25 బైట్లు. తెలుగు గుర్తుకి 3 చొప్పున 8 గుర్తులు పోను ఒక బైటు మిగిలింది. అంటే...

బాబాయి: తొమ్మిదో అక్షరం మూడో వంతు దగ్గర విరిగింది!

అమ్మాయి: అవును. మీ పత్రికల్లో అక్షరం చీలకపోతే చాలనుకునేవాళ్ళు కదా నాన్నా. ఇక్కడ అక్షరమే చీలిపోయి రెండు లైన్లలో ఉంది. అవతల మళ్ళీ అతుక్కుంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు.

బాబాయి: ఇంకో పద్ధతి ఉండాలే, బేస్ 64.

అమ్మాయి: దానికీ 76 గడులే. కానీ అందులో అవి 57 బైట్లు. మూడుతో భాగిస్తే సరిగ్గా 19 గుర్తులు, శేషం లేదు.

బాబాయి: పంతొమ్మిదా? శార్దూలం! పాదానికి 19 అక్షరాలు!

అమ్మాయి: అక్షరాలు కాదు తాతయ్యా, కోడ్‌పాయింట్లు. ‘స్త్రీ’ నీకు ఒక అక్షరం, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు.

బాబాయి: నువ్వెప్పుడూ ఇంతే. కాస్సేపు సంతోషపడనివ్వవు. పోనీ నాది నేనంటాను. విరవొద్దు విరవొద్దు అని పొద్దుట్నుంచీ అంటున్నావు. నువ్వు ఒక్క ఎంటరూ కొట్టకపోయినా అడుగున మెషీను 76 దగ్గర విరుస్తూనే ఉంది. కొట్టక తప్పదు కూడా. తెలుగులో పేరా అంతా ఒక లైనుగా రాస్తే 330 గుర్తులు దాటేసరికి నీ 998 బైట్ల చట్టం అడ్డొస్తుంది. నువ్వు ఒద్దన్నది విరుపుని కాదు, విరుపు నీ కంటపడటాన్ని.

అమ్మాయి: సరిగ్గా అదే. అతికేవాడికి తెలిసేలా విరిస్తే ఎన్ని ముక్కలు చేసినా నాకు అభ్యంతరం లేదు. నీ 72లో అతికే దారి లేదు.

ఎవరు నెగ్గారని మా పిన్ని అడిగితే నేను చెప్పలేకపోయాను. నా మనసు మాత్రం అమ్మాయి వైపే మొగ్గింది. నేను ఇప్పుడు చదివేదంతా ఫోన్లోనే, అక్షరాలు పెద్దవి చేసుకుని. అయితే బాబాయి రాసే ఉత్తరాలు చదవడానికి హాయిగా ఉంటాయనీ ఒప్పుకోవాలి. 72 దగ్గర ఆగి వెనక్కి చూసుకునే మనిషి, వాక్యాన్ని కూడా ఒకసారి చూసుకుంటాడు. ఆయన మెయిళ్ళలో వాక్యాలు పొట్టిగా ఉండటానికి అదీ ఒక కారణమేమో. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడినప్పుడు ఆయన తన పాత ఉత్తరాలు టెక్స్ట్ ఫైలుగా దాచుకున్నారు. వాటిని ఎందులో తెరిచినా విడిగా సర్దాల్సిన పని లేదు, ఏ లైను ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇది కూడా అమ్మాయితో అన్నాను. ఫోన్లో తెరిచి చూడు నాన్నా అంది.

మధ్యాహ్నం అమ్మాయి ప్యాచ్‌ని రెండోసారి పంపింది. ఈసారి మెయిల్ ప్రోగ్రాముని నమ్మకుండా గిట్‌లోనే ఉన్న సెండ్ ఈమెయిల్ కమాండుతో పంపింది. అది ఏ లైనునీ ముట్టుకోదు. ప్యాచ్ పైన, ఈ దిద్దుబాటు ఎందుకో చెప్పే వివరణ నాలుగు వాక్యాలుంటుంది. దాన్ని మాత్రం పంతానికి ఒకే లైనుగా రాసింది. చెక్‌ప్యాచ్ ఏదో హెచ్చరించిందట. హెచ్చరికే కదా, తప్పు కాదుగా అని వదిలేసింది. బాబాయి భుజం మీంచి చూస్తూ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నాకు వింతగానే తోచింది.

రాత్రి భోజనాలయ్యాక జవాబొచ్చింది. అమ్మాయి ముందు తను చదువుకుంది. మొహం చూస్తే మంచి వార్తా చెడ్డ వార్తా తెలియలేదు.

బాబాయి: ఏమంటాడు?

అమ్మాయి: ప్యాచ్ ఎక్కిందట. దిద్దుబాటు సరిగానే ఉందట.

బాబాయి: మరి ఆ మొహం ఏంటే?

అమ్మాయి: పైన రాసిన వివరణ ఒకే లైనుగా ఉందట. దాన్ని విరిచి మళ్ళీ పంపమన్నాడు. కెర్నెల్ వాళ్ళ నియమాల్లో ఉందట, వివరణ 75 గడుల లోపు విరవాలని.

బాబాయి: ఎంతా?

అమ్మాయి: డెబ్బై అయిదు.

బాబాయి: మూడు ఎక్కువిచ్చారే!